పెద్దావిడకో పాటల పెట్టె

పళ్ల డాక్టరుగారికి తండ్రి వదిలిపోయిన పాత కారంటే ప్రాణమే గానీ, పాట విషయంలో మాత్రం చెవి అంతంత మాత్రం. ఆ సంగతి ఆయనేమీ దాచుకోరు. పొద్దస్తమానం పళ్లు తొలిచే మిషను పక్కన నిలబడే మనిషికి ఏ పాటైనా ఒకటేనంటారు. అందుకే కారుని రేకు రేకూ ఊడదీయించి, రంగు వేయించి, సీట్లు తోలుతో కొత్తగా కుట్టించి, చివరికి మ్యూజిక్ సిస్టమ్ పెట్టించే దగ్గరికి వచ్చేసరికి డ్రైవర్ని తనతోపాటు షాపు లోపలికి రమ్మన్నారు.

"మీది పాము చెవి కదా పెద్దాయనా. మీరు ఏది బాగుందంటే అది పెట్టిద్దాం," అన్నారు.

డ్రైవర్ని అందరూ పెద్దాయనే అంటారు. మొదట డాక్టరుగారి ఇంట్లో మర్యాదకి అన్నారు, తర్వాత రిపేరు షెడ్డులో సరదాకి అన్నారు, అంటూ ఉండగానే నిజంగా పెద్దాయన అయిపోయాడు. యజమానికి తలుపు తెరిచి పట్టుకోవడమే తప్ప, యజమాని వెంట వెళ్లి సోఫాలో కూర్చోవడం ఆయనకి అలవాటు లేదు. పిలిస్తే వెంటనే లేవడానికి వీలుగా అంచు మీద కూర్చున్నాడు.

పాటలు వినిపించే గది షాపుకి వెనక ఉంది. గోడలకీ, పైకప్పుకీ, తలుపుకీ కూడా మెత్తటి గుడ్డ తాపడం. షాపాయన తలుపు మూయగానే వీధి మాయమైంది. హారన్లు లేవు, అడుగుల చప్పుడు లేదు. పెద్దాయనకి ఎందుకో బెంగగా అనిపించింది.

"ఇదేంటి, బయట ఏమీ వినపడట్లేదే," అన్నాడు.

"అదే కదండీ దీని గొప్ప," అన్నాడు షాపాయన.

ఎదురుగా బల్ల మీద మూడు సెట్లు పెట్టి, ఒకే పాటని ఒకదాని తర్వాత ఒకదాంట్లో వినిపించాడు. ఒక ఆడగొంతు, వెనక వయొలిన్, అంతే. మొదటి దాంట్లో గొంతు కంటే ముందు దడదడ వచ్చింది. డాక్టరుగారు మోకాలి మీద తాళం వేస్తూ "బావుందే" అన్నారు. రెండోది చిన్న సెట్టు. శుభ్రంగా, ఎవరి జోలికీ పోకుండా పాడింది. మూడోది పెట్టేసరికి ఆయన తల వంచుకుని నేల వైపు చూస్తూ ఉండిపోయాడు. పాట అయిపోయాక కూడా తల ఎత్తలేదు.

"ఇదండి," అన్నాడు చివరికి.

"ఏం, ఇందులో ఏముంది?" అన్నారు డాక్టరుగారు.

"ఇందులో ఆవిడ ఊపిరి పీల్చుకుంటోందండి. పాట ఎత్తుకునే ముందు. ఆ రెండిట్లో ఊపిరి తీసుకోకుండానే పాడేసింది."

షాపాయన ముచ్చటపడిపోయాడు. సెట్లకి గుడ్డ కప్పి, వరస మార్చి మళ్లీ వినిపించాడు. పెద్దాయన మళ్లీ దాన్నే చూపించాడు. ఇది తమాషా ఏమీ కాదు ఆయనకి. ఊపిరి ఉన్నచోట ఉంది, లేనిచోట లేదు. డాక్టరుగారు మాత్రం వీపు తట్టి, "చూశారా మా పెద్దాయన్ని," అన్నారు. వచ్చే ఆదివారం పాత కార్ల ప్రదర్శన ఉంది. ఊళ్లో ఉన్న పాత కార్లన్నీ వరసగా వెళ్లి మైదానంలో నిలబడతాయి. "అందరి ముందూ ఈ సెట్టు మోగాలి, మీరు నడుపుతుంటే నేను వెనక కూర్చుని వినాలి," అన్నారు.

తిరిగి షెడ్డుకి వస్తుంటే పెద్దాయనకి ప్రాణం లేచొచ్చింది. కారు లోపల నేలకి ఇంకా తాపడం ఏమీ వేయలేదు. నేల రేకు మీద కాళ్లు పెట్టుకుని, ఇంజను రొద మధ్యలో కూర్చుంటే సొంతింట్లో ఉన్నట్టుంది. ఆ కాలపు గేరు డబ్బాలో మనిషికి సాయపడే సామాను ఏమీ ఉండదు. క్లచ్చి ఒకసారి తొక్కి గేరు విడిపించాలి, వదలాలి, ఇంజను గొంతు ఎక్కడో ఒకచోట కుదిరేదాకా ఆగాలి, మళ్లీ తొక్కాలి. సరిగ్గా అప్పుడు గేరు కర్ర తనంతట తనే వెళ్లి కూర్చుంటుంది. కాస్త అటూ ఇటూ అయితే పళ్లు కొరుకుతుంది. డాక్టరుగారు కుర్రతనంలో నేర్చుకుందామని ఎన్నోసార్లు కూర్చుని, దాని చేత పళ్లు కొరికించి కొరికించి మానేశారు. పెద్దాయన చేతిలో అది ఎప్పుడూ కిక్కురుమనలేదు. ఎక్కడ మార్చాలో చూసి తెలుసుకునేది కాదు, విని తెలుసుకునేది.

ఇంటికి వెళ్లేసరికి భార్య కిటికీ దగ్గర కూర్చుని కాజాలు కుడుతోంది. దర్జీ షాపు నుంచి చొక్కాలు తెచ్చి కాజాలూ గుండీలూ కుట్టి ఇస్తుంది ఆవిడ. ఆ పూట మాత్రం ఒళ్లో ఉన్నది మొగుడి తెల్ల కోటు. ప్రదర్శన కోసం డాక్టరుగారు కుట్టించారు. భుజాల మీద పట్టీలు, ఇత్తడి గుండీలు.

"పెద్దావిడకి సంబంధం కుదిరిందా?" అంది తల ఎత్తకుండా. కారుని ఆవిడ పెద్దావిడ అంటుంది. నాకంటే ముందు కట్టుకున్నది అదేగా అంటుంది.

"కుదిరింది. మంచి సెట్టు. నేనే చెప్పాను."

"ఓహో, ఇంక పాటలు కూడానా. మీరు పెద్దాయన, ఆవిడ పెద్దావిడ, మధ్యలో నేనెవర్నట?" అని, పళ్లతో దారం తెంపింది.

ఆయన ఊపిరి సంగతి చెప్పాడు. ఆవిడ సూది ఆపి విని, "నిజమే, ఊపిరి తీసుకోకుండా ఎవరు పాడగలరు," అంది. ఆ రాత్రి అన్నం తింటున్నంతసేపూ పెద్దాయన ఏదో ఒకటి మాట్లాడుతూనే ఉన్నాడు.

మర్నాడు షెడ్డుకి వెళ్లేసరికి కారు తలుపులు నాలుగూ లోపలి తోలు ఊడదీసి ఉన్నాయి. షాపు నుంచి వచ్చిన పనివాడు నల్లటి దళసరి అట్టలు కోసి, రేకుకి అంటించి, చిన్న రోలరుతో గాలి లేకుండా నొక్కుతున్నాడు. అట్టకి ఒక పక్క తారు వాసన, రెండో పక్క వెండి కాగితం. తలుపులు అయ్యాయి, పైకప్పు అయింది, నేల సగం అయింది. ఇంజనుకీ మనుషులకీ మధ్య ఉండే రేకుకి రెండు పొరలు వేశాడు. క్లచ్చి పెడలు దిగే కంతకి కూడా రబ్బరు ముక్క తొడిగాడు.

"ఇదంతా ఎందుకయ్యా?" అన్నాడు పెద్దాయన.

"పెద్ద సెట్టు తీసుకున్నారు కదండీ. దీనికి నిశ్శబ్దం కావాలి. చిన్నదైతే ఇవేవీ అక్కర్లేదు. దీన్ని మామూలు రేకు డబ్బాలో పెడితే ఆ సన్నటి శబ్దాలన్నీ ఇంజను మింగేస్తుంది."

షెడ్డు మేస్త్రీ వచ్చి ఉత్సాహంగా తలుపు మీద తట్టి చూపించాడు. నిన్నటిదాకా ఖంగుమనే తలుపు ఇవాళ దిండు మీద కొట్టినట్టు పలికింది. "విన్నావా బాబాయ్, ఎట్లా అయిపోయిందో," అని, పెద్దాయన ముఖం చూసి ఆగిపోయాడు. ఇంజను విప్పి బిగించిన మనిషి, విషయం అర్థం కావడానికి ఎంతోసేపు పట్టలేదు.

"బాబాయ్, మరి నీకు ఇంజను..."

"అదే చూస్తున్నా," అన్నాడు పెద్దాయన. వంగి, నేల మీద అప్పుడే అంటించిన అట్టని బొటనవేలితో నొక్కాడు. మెత్తగా దిగి, మళ్లీ పైకి వచ్చింది. దాని మీద కంబళి, కంబళి మీద రబ్బరు పట్టా వస్తాయని పనివాడు చెప్పాడు.

మధ్యాహ్నం డాక్టరుగారు వచ్చారు. పెద్దాయన పొద్దుటి నుంచీ మనసులో అనుకుంటున్న మాటని గొంతు సవరించుకుని బయటికి తీశాడు.

"ఆ రెండో సెట్టు కూడా బానే ఉందండి. చిన్నది. అది చాలేమో మనకి."

డాక్టరుగారు ఒక్క క్షణం ఆయన వైపు చూసి నవ్వారు. "నాకు తెలుసు మీరు ఎందుకంటున్నారో. ఖర్చు గురించి మీరు బెంగపెట్టుకోకండి పెద్దాయనా. నాన్నగారి కారు ఇది. పెట్టేటప్పుడు మంచిదే పెడదాం."

"ఖర్చని కాదండి. ఇంజను కాస్త వినపడుతూ ఉంటే..."

"వినపడదు. హామీ ఇచ్చాడు షాపాయన. చీమ చిటుక్కుమన్నా వినపడదట," అని ధైర్యం చెప్పి వెళ్లిపోయారు.

మేస్త్రీ చేతులు తుడుచుకునే గుడ్డని ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకుంటూ నిలబడ్డాడు. పనివాడు మిగిలిన నేలకి అట్ట కొలుచుకుంటున్నాడు. పెద్దాయన వెళ్లి టైర్లలో గాలి చూశాడు. గాలి సరిగ్గానే ఉంది.

అట్టలూ కంబళీ సెట్టూ అన్నీ బిగించాక, కారుని రోడ్డు మీదికి తీశారు. డాక్టరుగారు వెనక కూర్చున్నారు. కిటికీ గ్లాసులన్నీ ఎత్తి, పాట పెట్టారు. అదే పాట. షెడ్డు గేటు దాటేలోపే పెద్దాయనకి తెలిసిపోయింది. చేతిలో స్టీరింగు తిరుగుతోంది, అద్దం ముందు రోడ్డు కదులుతోంది, కానీ కింద బండి లేదు. మొదటి గేరు నుంచి రెండో గేరుకి ఏదో అలవాటు మీద పడింది. మూడోది కాస్త గునిసింది. సమతలం మీద అంతే, ఎలాగో గడిచిపోతుంది.

వంతెన ఎక్కే చోట ముందున్న బస్సు నెమ్మదించింది. ఇక్కడ గేరు దించక తప్పదు. క్లచ్చి తొక్కాడు, వదిలాడు, విన్నాడు. ఆడగొంతు వయొలిన్‌తో కలిసి మెట్లు ఎక్కుతోంది. దాని అడుగున ఎక్కడో ఇంజను ఉండాలి. చెవులు రిక్కించి వెతికాడు. కర్ర తోశాడు. పళ్లు కరకరమన్నాయి. ఆ ఒక్క శబ్దం మాత్రం అట్టలన్నీ దాటుకుని పైకొచ్చింది.

పళ్ల డాక్టరుగారు ఉలిక్కిపడ్డారు. "ఏమైంది?"

"పాట ఒక్క నిమిషం ఆపుతారా అండి."

ఆపారు. ఆపినా ఏమీ లేదు. షాపులో తలుపు మూసినప్పటి బెంగే వచ్చి కారు నిండా కూర్చుంది. ఇంజను ఆగిపోయింది. వాలు మీద కారు వెనక్కి జారకుండా బ్రేకు తొక్కి పట్టి, చెప్పు విడిచి, వట్టి పాదం క్లచ్చి పక్కన నేల మీద ఆనించి, మళ్లీ స్టార్టు చేశాడు. వెనకటికి ఇంజను అదురు రేకులోంచి పాదానికి తెలిసేది. ఇప్పుడు పాదానికి కంబళి తెలిసింది. వెనక హారన్లు మోగుతున్నాయట, డాక్టరుగారు వెనక్కి తిరిగి చూసి చెప్పారు. పెద్దాయనకి అవీ వినపడలేదు.

అప్పుడు పక్క గ్లాసు ఒక జానెడు దించాడు. దించగానే బండి తిరిగి వచ్చేసింది. గొంతు, గుర్రు, అన్నీ. క్లచ్చి తొక్కాడు, వదిలాడు, ఆగాడు, తొక్కాడు. కర్ర వెళ్లి కూర్చుంది. కారు వంతెన ఎక్కి, అవతలకి దిగింది. పెద్దాయన నుదుటి చెమట మోచేత్తో తుడుచుకున్నాడు. ఇంతేగా, ఒక జానెడు గ్లాసు దించుకుంటే చాలుగా అనుకున్నాడు.

"గ్లాసు ఎత్తేయండి పెద్దాయనా. దుమ్ము కొత్త సీట్ల మీద పడుతోంది. పైగా గ్లాసు దించితే సెట్టు పెట్టించి ఉపయోగం లేదన్నాడు షాపాయన," అన్నారు డాక్టరుగారు.

ఆయన ఎత్తేశాడు. షెడ్డుకి చేరేలోపు బండి మరో రెండు మూడుసార్లు పళ్లు కొరికింది. దిగేటప్పుడు డాక్టరుగారు ఒక్క కసురు మాట అనలేదు. భుజం మీద చెయ్యి వేసి, "పర్లేదు, పర్లేదు," అన్నారు. కసిరినా బాగుండేది. తర్వాత మేస్త్రీని పక్కకి పిలిచి గొంతు తగ్గించి మాట్లాడారు. ఆ తగ్గించిన గొంతు పెద్దాయనకి శుభ్రంగా వినపడింది.

"చెవులు పాము చెవులే. పాపం, చేతులే మొరాయిస్తున్నాయి."

"చేతులు కాదండి, అట్ట వేశాక ఆయనకి ఇంజను శబ్దం తెలియట్లేదు," అన్నాడు మేస్త్రీ.

"పాట మాత్రం బాగానే తెలుస్తోందిగా," అన్నారు డాక్టరుగారు. కారు వైపు చూసి, "దీనికి ఈ కాలపు గేరు డబ్బా ఏదైనా పడుతుందా?" అని అడిగారు.

మేస్త్రీ అబద్ధం చెప్పే మనిషి కాదు. పడుతుందని చెప్పాడు.

ఇంట్లో భార్య విషయం అంతా విని, కుడుతున్న చొక్కా పక్కన పెట్టింది. "రెండోదే బాగుందని ఆ రోజే అనుంటే పోయేది. ఎవరొచ్చి చూస్తారు మీ చెవిలోకి?"

"బాగున్నదాన్ని బాలేదని ఎట్లా అంటాను?"

"సరే. ఇప్పుడైనా నోరు తెరిచి చెప్పండి."

"చెప్పాను."

"ఏమని?"

"చిన్న సెట్టు చాలని."

"అది చెప్పడమా? అడక్కుండా అమ్మయినా పెట్టదంటారు. ఆయనకేం తెలుస్తుంది మీ కడుపులో ఉన్నది? నాకు ఇంజను వినపడకపోతే బండి నడపలేను, ఈ అట్టలు తీయించండి, అని చెప్పాలి. అట్లా చెప్పండి," అంది. చెప్పి, ఆ మాటలు ఆయన చేత ఒకసారి పలికించింది కూడా.

మర్నాడు పెద్దాయన ఆ మాటలు మూట కట్టుకుని క్లినిక్కుకి వెళ్లాడు. దవడలు పట్టుకుని కూర్చున్న వాళ్ల మధ్య బల్ల చివర కూర్చున్నాడు. లోపల్నుంచి మిషను రొద సన్నగా, ఆగి ఆగి వస్తోంది. పంటి మీద పడినప్పుడు ఒక రకంగా, తేలినప్పుడు ఒక రకంగా. ఎంత లోతుకి దిగిందో ఆయన బయటినుంచే చెప్పగలడు. తన కోసం తలుపు తెరిచినప్పుడు కుర్చీలో ఒక మనిషి నోరు తెరుచుకుని ఉన్నాడు. డాక్టరుగారు ముఖానికి గుడ్డతో, చేతిలో మిషనుతో ఆ నోటి మీదికి వంగి ఉన్నారు.

"చెప్పండి పెద్దాయనా," అన్నారు తల తిప్పకుండా.

"నాకు ఇంజను వినపడట్లేదండి," అన్నాడు. ఇంటి దగ్గర పలికినంత గట్టిగానే అన్నాడు.

"అవును, ఎంత బాగా చేశాడు కదా ఆ పనివాడు. నేనూ ఆశ్చర్యపోయాను."

"అది కాదండి, వినపడకపోతే నేను..."

మిషను మొదలైంది. ఆగాక డాక్టరుగారే అందుకున్నారు. "మీకు ఇంక ఆ బెంగ అక్కర్లేదు. కొత్త గేరు డబ్బా వేయించేస్తున్నాను. మేస్త్రీ రెండ్రోజుల్లో బిగించేస్తానన్నాడు. దాన్ని ఎవరైనా నడపొచ్చు. ఆదివారం నేనే నడుపుతాను. నాన్నగారి కారు ఒక్కసారైనా నడపాలని నాకెంత కోరికో మీకు తెలుసుగా. మీరు హాయిగా వెనక సీట్లో కూర్చోండి, రాజాలాగా. ఇన్నేళ్లూ మమ్మల్ని తిప్పారు, ఇక మేము తిప్పుతాం." అంతా చెప్పి, కుర్చీలో మనిషితో, "మా పెద్దాయన చెవి ఎట్లాంటిదనుకున్నారు, పాడే ఆవిడ ఊపిరి కూడా వింటాడు," అన్నారు. ఆ మనిషి తెరిచిన నోటితోనే ఆశ్చర్యపోయాడు.

డాక్టరుగారి గొంతులో ఉన్నది ప్రేమే. అదే పెద్దాయన నోరు కట్టేసింది. మంచితనం మీద ఎవరు మాత్రం ఏమని ఫిర్యాదు చేస్తారు. "అట్టలు" అనే మాట నాలుక దాకా వచ్చి, అక్కడే కరిగిపోయింది. "మంచిదండి," అని బయటికొచ్చాడు.

దారిలో షెడ్డు దగ్గర ఆగాడు. మేస్త్రీ కారు కింద పడుకుని ఉన్నాడు. పాత గేరు డబ్బా గోడవారన, కింద గోనె పరుచుకుని కూర్చుని ఉంది. పెద్దాయన మూత కంతలోంచి వేలు పెట్టి పళ్లు తడిమాడు. అన్నేళ్ల పని చేసినా అంచులు అరగలేదు. నిన్న వంతెన దగ్గర పడిన గాట్లు మాత్రం వేలికి గరుకుగా తగిలాయి.

"తీసుకెళ్తావా బాబాయ్?" అన్నాడు మేస్త్రీ కారు కిందినుంచే. బయటికి రాలేదు.

"ఇంట్లో పెట్టుకుని ఏం చేసుకోనురా," అన్నాడు పెద్దాయన.

శనివారం సాయంత్రం భార్య తెల్ల కోటు మళ్లీ ఒళ్లోకి తీసుకుంది. చిన్న కత్తెర మొనతో భుజం పట్టీల కుట్లు ఒక్కొక్కటే విప్పింది. ఇత్తడి గుండీలు తీసి, దర్జీ షాపు డబ్బాలోంచి మామూలు తెల్ల గుండీలు ఏరి కుట్టింది. విప్పిన దారం ముక్కలు చేత్తో దులిపి, కోటు ఎత్తి చూపించింది.

"ఇట్లా అయితే పెళ్లికైనా వేసుకోవచ్చు," అంది.

ఆదివారం డాక్టరుగారు వెనక తలుపు తెరిచి పట్టుకున్నారు. పెద్దాయన ఇబ్బందిపడుతూ ఎక్కాడు. ఆ సీట్లో కూర్చోవడం అదే మొదలు. తోలు వాసన వేసింది. ముందున్న తల వెనకభాగం తప్ప రోడ్డు సరిగ్గా కనిపించలేదు. పాట మొదలైంది. ఎంచుకున్నది తనే గానీ ఇప్పటిదాకా సరిగ్గా విననేలేదు. ముందు కూర్చున్నప్పుడు దాని అడుగున ఇంకోదాన్ని వెతుక్కోవడంతోనే సరిపోయింది. ఇప్పుడు వెతకాల్సింది ఏమీ లేదు. ఆడగొంతు ఆగింది, ఊపిరి తీసుకుంది, పైకి వెళ్లింది. నిజంగా చాలా బాగుంది. బాగోలేదని తిట్టుకోవడానికైనా వీలు లేకపోయింది.

వంతెన వచ్చింది. డాక్టరుగారు కర్రని అలవోకగా లాగారు. చప్పుడు లేదు. అదే క్షణంలో పెద్దాయన ఎడమ పాదం లేచి, మెత్తటి కంబళిని రెండుసార్లు తొక్కింది. తర్వాత ఆ పాదాన్ని వెనక్కి లాక్కుని సీటు కిందికి తోసుకున్నాడు.

"వెనక ఎట్లా ఉంది పెద్దాయనా?" అన్నారు డాక్టరుగారు అద్దంలోంచి.

"బాగుందండి," అన్నాడు.

మైదానంలో కార్లు వరసగా నిలబడ్డాయి. డాక్టరుగారు దిగి, చుట్టూ తిరిగి వచ్చి, అందరూ చూస్తుండగా వెనక తలుపు తెరిచారు. పెద్దాయన తెల్ల కోటు సర్దుకుంటూ దిగాడు. డాక్టరుగారు ముందు సీటు దగ్గరికి వెళ్లి నాలుగు తలుపులూ బార్లా తెరిచి పాట పెద్దది చేశారు. జనం అటు మూగారు. "వినండి, ఆవిడ ఊపిరి వినండి," అని ఆయన చెప్పడం వినిపిస్తోంది.

జనంలోంచి విడిపడి ఒక ముసలాయన, మంచి బట్టల్లో, చేతికర్రతో, పెద్దాయన దగ్గరికి వచ్చాడు. తలుపు తెరిచి దింపడం చూశాడు కాబోలు, తల వంచి నమస్కారం పెట్టాడు.

"దివ్యంగా ఉందండి మీ కారు. ఎన్నాళ్ల నుంచి ఉంది మీ దగ్గర?"

పెద్దాయన కారు వైపు చూశాడు. ఇంజను మూత ఇంకా వెచ్చగానే ఉండుంటుంది. వారం రోజులుగా ఎవరి దగ్గరా సూటిగా రాని మాట, ముక్కూ మొహం తెలియని ఆ మనిషి దగ్గర తేలిగ్గా వచ్చేసింది.

"పోయిన వారం దాకా ఉందండి," అన్నాడు.